పాత ఊరి వరుస

మా ఊరు గోదావరి నీళ్ల కింద ఉంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు అయ్యో అంటారు. అనడం వాళ్లకు అలవాటైంది, వినడం నాకు అలవాటైంది. ఆ ఊరికి ముప్పై నాలుగేళ్లు పోస్టుమాస్టరుగా చేశాను కాబట్టి, మరి ఉత్తరాలు ఇప్పుడు ఎక్కడికి వస్తాయి రాజేశం గారూ అని కూడా కొందరు అడుగుతారు. ఎక్కడికీ రావు. ఉత్తరం రాసేవాడు ఎవడున్నాడు గనక. ప్రాజెక్టు కట్టేముందు సర్వే వాళ్లు వచ్చి మునిగేవాటి జాబితా రాసుకున్నారు. ఇల్లు, పశువుల కొట్టం, బోరు, మామిడి చెట్లు. అనసూర్య చేసే పని ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. రాయమని నేను కూడా చెప్పలేదు.

అనసూర్యది చాకలి ఇల్లు. మగడు ఇస్తారి ఊరి బట్టలు ఉతికేవాడు. ఆమె పని పిలుపులు. ఎవరింట్లో పెళ్లయినా, పురుడైనా, చావైనా ఆమె గడప గడపకూ పోయి చెప్పాలి. శుభమైతే ఆడవాళ్లకు బొట్టు పెట్టి, "ఫలానోళ్ల ఇంట్ల పెండ్లి, ఇంటిల్లిపాది రావాలె" అనేది. చావైతే లోపలికి రాదు, వాకిట్లోనే నిలబడి, "ఫలానాయన కాలం జేసిండు, పొద్దుమీకి ఎత్తుతరు, రాండ్రి" అని చెప్పి వెనక్కి తిరిగేది. ఆమె వచ్చి చెప్తేనే పిలుపు. పక్కింట్లో ఏడుపు వినబడుతున్నా, అనసూర్య వచ్చి చెప్పేదాకా ఎవరూ గడప దాటేవాళ్లు కాదు. పొగరుతో కాదు. పిలవకుండా పోతే మర్యాద కాదని.

రెండు వందల పైచిలుకు గడపలు. తూర్పు కొసన కొమురెల్లి ఇంట్లో మొదలుపెట్టి, వాడల వెంట తిరిగి తిరిగి ఏటి గట్టు దగ్గర ముగించేది. అత్త వెనక రెండేళ్లు తిరిగి నేర్చుకుంది. అక్షరం ముక్క రాదు. నేను రిజిస్టర్లు పెట్టుకుని కూడా ఒకరి మనియార్డరు ఇంకొకరికి ఇచ్చి తిట్లు తిన్న రోజులున్నాయి. ఆమె నన్ను ఊరికే వదిలేది కాదు. "మీరు పేరు జూసి ఇస్తరు సారూ, పేర్లు అందరియి ఒక్కతీరే ఉంటయి. నేను ఇల్లు జూసి చెప్త" అనేది. నాకు కోపం వచ్చేది, ఎందుకంటే మా ఊళ్లో పదకొండు మంది మల్లయ్యలు ఉండేవాళ్లు.

తొమ్మిదేళ్ల కింద ఊరు ఖాళీ అయింది. కరీంనగర్ పోయే రోడ్డు పక్కన కాలనీ ఇచ్చారు. ప్లాట్లు ఎవరికి ఏది అన్నది చిట్టీలు తీసి తేల్చారు. అందరికీ సమానంగా ఉండాలని ఆ పద్ధతి పెట్టారు, అందులో తప్పేమీ లేదు. కొమురెల్లికి రోడ్డు మీద వచ్చింది, అతని తమ్ముడికి కాలనీ అవతలి కొసన వచ్చింది. పుట్టినప్పటి నుంచి కొట్లాడుకుంటున్న తోడికోడళ్లకు ఎదురెదురు ఇళ్లు వచ్చాయి. కొందరు ప్లాటు తీసుకుని ఇల్లు కట్టనే లేదు. కరీంనగర్ పోయారు, మంచిర్యాల పోయారు, భూమి పోయాక చేసేదేముందని మగపిల్లలు దుబాయ్, మస్కట్ పట్టారు. వాళ్ల ప్లాట్లలో సర్కారు తుమ్మ మొలిచింది.

కాలనీకి వచ్చాక కూడా అనసూర్య పాత ఊరి వరుసలోనే పిలుపులు చెప్పేది. ఇది చూస్తే తప్ప నమ్మరు. రోడ్డు మీది కొమురెల్లి ఇంట్లో చెప్పి, పాత ఊళ్లో అతని పక్కిల్లు ఇప్పుడు ఎక్కడుందో అక్కడికి, అంటే కాలనీ అవతలి కొసకు నడిచేది. అక్కణ్నుంచి మళ్లీ నడిమి వీధికి. దారిలో పది ఇళ్లు దాటినా ఆగేది కాదు, వాళ్ల వంతు రాలేదని. పాత ఊళ్లో రెండు గంటల పని ఇక్కడ ఒక రోజంతా పట్టేది. పిల్లలు నవ్వేవాళ్లు. ఖాళీ ప్లాటు వంతు వస్తే ఆ తుమ్మచెట్ల ముందు నిలబడి, ఇంట్లో మనుషులున్నట్టే చెప్పి కదిలేది. ఒకసారి నేనే అడిగాను.

"ఎవరికి చెప్తున్నవ్ అనసూర్యా? ఆళ్లు కరీంనగర్‌ల ఉన్నరు గదా."

"నాకెరుకనే సారూ. చెప్పకుంట దాటితె తర్వాతి ఇండ్లు యాదికి రావు. నోటికి వరుస తప్పుతది."

నిజం చెప్పాలంటే నాకది ముచ్చటగా ఉండేది. ఊరు పోయినా ఈమె నోట్లో ఉంది కదా అనుకునేవాణ్ని. నడిచేది నేను కాదు కాబట్టి అలా అనుకోవడానికి ఖర్చేమీ లేదు.

వాళ్ల కొడుకు కుమార్‌కు అది ముచ్చటగా ఉండేది కాదు. అతను కరీంనగర్‌లో ఇస్త్రీ దుకాణం నడుపుతాడు. వచ్చినప్పుడల్లా తల్లితో గొడవ. ఒకరోజు నా ముందే అన్నాడు. "సార్, మీరన్న చెప్పుండ్రి. ఎండల గిట్ల తిరిగి మోకాళ్లు వాసినయ్. ఎవలింట్ల పెండ్లయినా మా అవ్వ ఎందుకు తిరుగాలె? ఆళ్లకు కాళ్లు లేవా?"

"ఊరి పని బిడ్డా. మనల్ని నమ్మిండ్రు," అంది అనసూర్య.

"ఊరేది అవ్వా? నీళ్లల్ల ఉంది."

కుమార్ నా వైపు తిరిగి, "సావు చెప్పపోతె వాకిట్లనే నిలవెడతరు. మంచినీళ్లు కావాల్నా అని గూడ అడుగరు. గది మర్యాదనా సార్?" అన్నాడు. మా వాకిట్లో కూడా ఆమె ఎన్నోసార్లు నిలబడింది. మేమూ అడగలేదు. చావు కబురు తెచ్చినవాళ్లకు నీళ్లివ్వరాదని మా అమ్మ చెప్పేది.

సిద్దిరాములు బిడ్డ ప్రవళిక పెళ్లి దగ్గర అసలు గొడవ జరిగింది. ఆ సారి కుమార్ పంతం పట్టి, ప్లాట్ల నంబర్ల వెంట వరుసగా పొమ్మన్నాడు. ఒకటో వీధి అయిపోయాక రెండో వీధి. తెలివైన సలహానే. తల్లి కొడుకు మాట విని అలాగే వెళ్లింది. మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. అయిపోయిందనే అనుకుంది. మూడిళ్లు తప్పిపోయాయి. పాత ఊరి వరుస లేకపోతే ఎవరికి చెప్పిందో ఎవరికి చెప్పలేదో ఆమెకు తేలదు. ఆ మూడిళ్లలో ఒకటి కైలాసానిది. కైలాసం పెళ్లికూతురికి పెదనాన్న, సిద్దిరాములుకు సొంత అన్న.

కైలాసం పెళ్లికి రాలేదు. రెండు వీధుల అవతల బ్యాండు మోగుతుంటే ఇంట్లో అన్నం వండించుకుని తిని పడుకున్నాడు. తమ్ముడు కావాలనే పిలవలేదని అతని లెక్క. అన్నకు పిలుపేమిటి, అన్న కాడా అని సిద్దిరాములు లెక్క. ఇద్దరికీ ఈ రోజుకూ మాటల్లేవు. సిద్దిరాములు కోపమంతా అనసూర్య మీద పడింది. పది మందిలో నిలబెట్టి అడిగాడు. ఆమె కొడుకు పేరు ఎత్తలేదు. "తప్పయింది పటేలా" అంది, అంతే.

ఆ తర్వాత కమ్యూనిటీ హాలులో కూర్చున్నాం. కాలనీలోనే ఉండే భానుప్రసాద్ అప్పటికే ఫోన్లో 'మన ఊరు' అని గ్రూపు పెట్టాడు. కాలనీలో ఉన్నవాళ్లు, కరీంనగర్‌లో ఉన్నవాళ్లు, దుబాయ్‌లో ఉన్నవాళ్లు అందరూ అందులో ఉన్నారు. ఇక నుంచి మంచీ చెడూ గ్రూపులో పెడితే చాలు, అనసూర్యను తిప్పవద్దు అని నేనే ప్రతిపాదించాను. కుమార్ చెప్పింది నా మనసులో ఉంది. ఆమెకు మేలు చేస్తున్నాననుకున్నాను, అంత పెద్ద మనసు నాకున్నందుకు కొంచెం సంతోషించాను కూడా. అందరూ సరేనన్నారు. అనసూర్య గుమ్మం దగ్గర కూర్చుని విన్నది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ ఏడే ఇస్తారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. అనసూర్యకు పిలుపులు లేవు, ఇంట్లోనే ఉండి ఆయనకు తినిపించడం, కడగడం. నేను అప్పుడప్పుడూ పోయి కూర్చునేవాణ్ని. ఇస్తారి మా నాన్న పోయినప్పుడు రెండు రోజులు మా ఇంటి పని వదల్లేదు. వరదలో టపా సంచి తడవకుండా నెత్తిన పెట్టుకుని ఏరు దాటించిన మనిషి. ఒకరోజు ఆయన నిద్రలో ఉండగా అనసూర్య మెల్లిగా అడిగింది.

"సారూ, ఈయిన పోతె జనం వస్తరా?"

"ఎందుకు రారు?"

"ఎవరు చెప్తరు? నేనయితె పోరాదు. ముండమోసినామె గడప దాటది గద."

"గ్రూపుల పెడ్తరు. నిమిషంల దుబాయ్ దాక తెలుస్తది. నువ్వు ఫికర్ చెయ్యకు."

"అందరు వస్తే మంచిగుంటది," అంది. "ఊరందరికి చేసిండు. ఊరంత రావాలె సారూ. నాకు గంతే."

వస్తారని చెప్పాను. నేను చెప్పినందుకు ఆమె నమ్మింది. ఆ తర్వాత ఆమెకు వేరే కోరిక ఏదీ ఉన్నట్టు నాకు కనబడలేదు. మందులు తెచ్చినా, కొడుకు కొత్త ఫ్యాను తెచ్చినా ఆమెకు పట్టేది కాదు. ఎవరు వస్తారు, ఎవరు పాడె పడతారు, ఇదే లెక్క. ఊళ్లో పోయిన ప్రతి మనిషినీ పది మంది మోసుకుపోవడం ఆమె చూసింది, ఆ పది మందిని పిలిచింది తానే.

వినాయక నిమజ్జనం అయిన మర్నాడు ఇస్తారి పోయాడు. నేను నిర్మల్‌లో మా అమ్మాయి మమతారాణి ఇంట్లో ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్లో చూశాను. కుమార్ పెట్టాడు. 'మా బాపు ఇస్తారి కాలం చేసిండు. సాయంత్రం నాలుగింటికి.' అప్పుడు నేను ఉప్మా తింటున్నాను. దండం బొమ్మ నొక్కాను. ప్లేటు పక్కన పెట్టలేదు. బస్సుకు మూడు గంటలు పడుతుంది, అందుకోలేను అనుకున్నాను. అబద్ధం. పదింటికి ఎక్కినా ఒంటిగంటకు దిగేవాణ్ని. లోపల వేరే మాట ఉంది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇంటికి వచ్చి ఎవరూ చెప్పలేదు కదా. ఫోన్లో చూసిందానికి పోవాలా.

కాలనీలో ఉన్నవాళ్లు కూడా చూశారు. తర్వాత కొందరిని అడిగాను. కొమురెల్లి అన్నాడు, "మెసేజ్ అందరికి పెట్టిండ్రు, నాకు పెట్టలే గదా." అతను ఎగతాళికి అనలేదు. ఊరి మొదటి పిలుపు తనదే అని పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి. ఆ రోజు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఎవరైనా వచ్చి చెప్తే లేద్దామని.

పదకొండు మంది వచ్చారు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. పాడె కుమార్, అతని బావమరిది, కరీంనగర్ నుంచి వచ్చిన ఇస్త్రీ దుకాణం వాళ్లు ఇద్దరు పట్టారు. ఆ ఇద్దరికీ ఇస్తారి ముఖం తెలియదు. కాలనీకి శ్మశానం దూరం, భుజం మార్చుకోవడానికి మనుషుల్లేక సగం దారిలో ట్రాక్టర్ ఎక్కించారట. ఇది నాకు భానుప్రసాద్ చెప్పాడు. అతను పోయాడు పాపం.

తొమ్మిదో రోజు నేను వెళ్లాను. మాట్లాడాల్సింది దారంతా అనుకుంటూ పోయాను. అనసూర్య గోడకు ఆనుకుని చాటలో బియ్యం ఏరుతోంది. చేతులకు గాజులు లేవు. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. కుమార్ మంచం మీద కూర్చుని ఉన్నాడు, నాకు కుర్చీ వేశాడు.

"నిర్మల్‌ల ఉంటి," అన్నాను.

"అట్లనా సారూ," అంది.

"జనం రాలేదట."

"ఎవరన్న పిలిస్తె గద," అంది ఆమె. "పిలువకుంట ఎట్లొస్తరు. పిలిచేదాన్ని నేనే, నేను ఇంట్ల కూసుంటి." కోపం లేదు. పొయ్యి మీద పాలు పొంగితే ఎవరైనా ఎలా చెప్తారో అలా చెప్పింది. "రెండుసార్లు లేసిన సారూ. కొమురెల్లి పటేల్ ఇంటికాడికెల్లి మొదలుపెడుదామని. నేను పోతె నాలుగింటి వరకు సగం మందన్న కదులుతుండె. ఆడోళ్లు పట్టుకున్నరు. ఇయ్యాల నువ్వు గడప దాటద్దు అన్నరు."

నాకు ఏడుపు రావాల్సింది. రాలేదు. చాటలోంచి ఒక వడ్లగింజ తీసి ఆమె పక్కన పడేసింది. నేను దాన్ని చూస్తూ కూర్చున్నాను.

కుమార్ ఫోను తెరిచి నా ముందు పెట్టాడు. "రెండు వందల నాలుగు దండాలు వచ్చినయ్ సార్. మీది గూడ ఉన్నది. తొమ్మిదీ ముప్పై రెండుకు." నన్ను తిడుతున్నట్టు కూడా అనలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అందులో నా పేరు, దాని పక్కన రెండు చేతులు. చూశాను. ఫోను తిరిగి ఇచ్చాను. గ్రూపు మాట తెచ్చింది నేనే అని అతనికి తెలుసు, నాకు తెలుసు, చాట ముందు కూర్చున్నామెకూ తెలుసు. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆమె "అయ్యో గదేంది సారూ" అంటుంది. అనిపించుకోవడం కోసం అడగడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆమే అంది. "సారూ, ఒక పని చేసి పెడ్తరా. ఇండ్లన్ని చెప్త, రాసుండ్రి."

"దేనికి?"

"రేపు నేను పోతె ఈడు పోయి పిలువాలె గద. ఈనికి వరుస రాదు."

"నేను పిలువనే అవ్వా," అన్నాడు కుమార్. "ఎవల వాకిట్లకు పోను. చెప్తున్న."

"పోకు. రాసి ఉండనీ."

కుమార్ లేచి బయటికి వెళ్లి నిలబడ్డాడు. తర్వాత లోపలికి వచ్చి మనవరాలు నిఖిత నోటుబుక్కు ఒకటి, పెన్ను ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అనసూర్య చాట పక్కకు జరిపి కళ్లు మూసుకుంది. కొమురెల్లి ఇల్లు అంది. రాశాను. ఆమె ఒక్కో ఇల్లు చెప్తుంటే ఆ వాడ నాకు కనబడడం మొదలైంది. రేకుల తలుపు, గంగరేగు చెట్టు, బండలు లేచిపోయిన అరుగు. తొమ్మిదేళ్ల నుంచి వీటిని తలచుకున్నవాణ్ని కాదు. వేలు నొప్పి పుట్టింది. ఆపమనలేదు. పోయినవాళ్ల ఇళ్లు, దుబాయ్ వాళ్ల ఇళ్లు, ఖాళీ ప్లాట్ల వాళ్ల ఇళ్లు అన్నీ చెప్తోంది. నడిమి వాడలోకి తిరిగింది.

"కైలాసం ఇల్లు," అంది.

రాశాను. పాత ఊళ్లో కైలాసం ఇల్లు, ఆ తర్వాత మా ఇల్లు, మాకూ కైలాసానికీ మధ్య ఒకటే గోడ. మా ఇంటి తర్వాత సందు, సందు అవతల సిద్దిరాములు ఇల్లు. ఆమె ఆ దారిన ముప్పై ఐదేళ్లు తిరిగింది. నేను అంకె వేసి, పెన్ను ఆనించి ఆమె చెప్పేదాకా ఆగాను.

"సిద్దిరాములు ఇల్లు," అంది.

తలెత్తి చూశాను. కళ్లు మూసుకునే ఉంది. గొంతులో తేడా ఏమీ లేదు. తర్వాతి ఇల్లు చెప్పింది, దాని తర్వాతిది చెప్పింది. వేసిన అంకె పక్కన నా పేరు రాసుకుంటే ఆమెకు తెలియదు, ఆమెకు చదువు రాదు. ఆ అంకె పక్కన సిద్దిరాములు ఇల్లు అని రాశాను. ఏటి గట్టు దాకా చెప్పి ఆమె కళ్లు తెరిచింది.

"ఎన్నయినయ్ సారూ?"

చివరి అంకె చదివి చెప్పాను. ఆమె పెదవులు కదిలిస్తూ లోపల ఒకసారి చూసుకుంది.

"సరిపోయినయ్," అని చాట మళ్లీ ముందుకు లాక్కుంది.